గోరా గరీబు, కాలా గరీబు: మధ్యలో దీవార్ ఎవరిది?



ఇవాళ మన ఖాందాన్లలో చాలావాటికి అమెరికాలో ఒక బేటానో, దామాదో, భాంజానో ఉన్నారు. ఫోన్లో మనం వాళ్లకి చెప్పే జాగ్రత్తల్లో ఒకటి తరచూ వినిపిస్తుంది: "బేటా, నల్లోళ్లు ఉండే ఏరియాలో మాత్రం ఇల్లు తీసుకోవద్దు." ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. పిల్లల సలామతీ కోరే అమ్మీ అబ్బాలే. కానీ ఆ ఏరియాలు అలా ఎందుకయ్యాయి, ఎవరు చేశారు అని మనం అడగం. అడిగితే అమెరికా సియాసత్ సగం అర్థమవుతుంది.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. అమెరికాలో రంగు గొడవ ఒక ఖాతా, గరీబు అమీరు గొడవ ఇంకో ఖాతా అని విడివిడిగా లెక్క రాసేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ రంగు దీవార్ దానంతట అది లేవలేదు. గరీబులు ఒకటి కాకుండా ఉండటానికి దౌలత్ ఉన్నవాళ్లు ఖానూన్ రాసి మరీ కట్టారు. దాని కింద నలిగింది నల్లజాతి. గోడకి ఇవతల ఉన్నామని మురిసిపోయిన తెల్ల గరీబుకి కూడా దక్కాల్సింది దక్కలేదు.

తారీఖ్ చూద్దాం.

1619లో వర్జీనియా తీరంలో దాదాపు ఇరవై మంది ఆఫ్రికన్లను ఓడ నుంచి దించారు. అప్పటికి అక్కడి పొగాకు తోటల్లో చాకిరీ చేస్తున్నది ఎక్కువగా ఇంగ్లండు నుంచి వచ్చిన గరీబు తెల్లవాళ్లే. ఓడ కిరాయి కట్టుకోలేక, కొన్నేళ్లపాటు మాలిక్ దగ్గర ఊరికే పని చేస్తామని కాగితం రాసిచ్చి వచ్చినవాళ్లు. మన పాత జీతగాళ్ల లాంటివాళ్లు అనుకోండి. ఆఫ్రికన్లూ వాళ్లూ ఒకే పొలంలో పని చేశారు, ఒకే కొరడా తిన్నారు, కలిసి పారిపోయారు కూడా.

1640లో అలా ముగ్గురు పారిపోయి దొరికారు. ఇద్దరు తెల్లవాళ్లు, ఒకరు నల్లజాతి మనిషి జాన్ పంచ్. జుర్మ్ ఒకటే. తెల్లవాళ్లిద్దరికీ నాలుగేళ్ల అదనపు చాకిరీ వేశారు. జాన్ పంచ్‌కి మాత్రం బతికినంత కాలం గులామీ. గోడకి మొదటి ఇటుకల్లో అదొకటి.

1676లో నథానియల్ బేకన్ అనే జమీందారు గవర్నరు మీద బగావత్ లేపాడు. బేకన్ ఫరిష్తా ఏమీ కాదు. అక్కడి ఆదివాసీల భూముల మీద పడి వాళ్లని చంపినవాడు. కానీ అతని వెనక తెల్ల నౌకర్లూ నల్ల గులాములూ ఒకే ఫౌజుగా నిలబడ్డారు. రాజధాని జేమ్స్‌టౌన్‌ని తగలబెట్టారు. బేకన్ జబ్బుతో చనిపోయాక కూడా ఆఖరిదాకా తుపాకి దించనివాళ్లలో రెండు రంగులవాళ్లూ ఉన్నారు. తోటల మాలిక్‌లకి నిద్ర పట్టలేదు. గరీబులు రంగు చూసుకోకుండా కలిస్తే ఏమవుతుందో వాళ్లు కళ్లారా చూశారు.

ఆ తర్వాత వరసగా ఖానూన్లు వచ్చాయి. 1705లో వర్జీనియా అన్నిటినీ ఒకచోట చేర్చింది. క్రైస్తవుడైన తెల్ల నౌకరు బట్టలిప్పి కొరడాతో కొట్టాలంటే మేజిస్ట్రేటు హుకుం ఉండాలి. గులాము విషయంలో ఆ అడ్డు లేదు. గడువు తీరిన తెల్ల నౌకరుకి మాలిక్ మొక్కజొన్నలు, కొంత డబ్బు, ఒక తుపాకి ఇచ్చి పంపాలి. గులాములు పెంచుకున్న గుర్రాలు, ఆవులు, పందులు లాక్కుని అమ్మి, ఆ సొమ్ము ఆ ఇలాకాలోని గరీబుల కోసం ఖర్చు పెట్టాలి. ఈ ఆఖరి షరతు ఇంకోసారి చదవండి. మాలిక్ తన జేబులోంచి ఒక్క దమ్మిడీ తీయలేదు. ఒక గరీబు దగ్గర గుంజి ఇంకో గరీబుకి పంచాడు. వాళ్లిద్దరూ మళ్లీ దోస్తులు ఎలా అవుతారు?

నల్లజాతి తారీఖ్ రాసినవాళ్లలో పెద్ద పేరు డబ్ల్యూ. ఇ. బి. డుబోయ్. ఆయన 1935లో రాసిన పుస్తకంలో ఒక పతేకి బాత్ చెప్పారు. దక్షిణాది తెల్ల మజ్దూరుకి కూలీ తక్కువే ఇచ్చారు, కానీ దాని పైన ఇంకో రకం కూలీ ఇచ్చారు, అదే తెల్లతనం. నల్లవాడు పక్కకి తప్పుకుని దారివ్వాలి, పోలీసులు తెల్లవాడి మనుషులు, అదాలత్ తెల్లవాడితో నరమ్‌గా ఉంటుంది. ఇదంతా మనసుకిచ్చే కూలీ. కడుపు నిండదు, కానీ మనసు ఉబ్బుతుంది. మన అంబేడ్కర్ సాబ్ 1946లో ఇదే డుబోయ్‌కి ఖత్ రాశారు. అంటరానివాళ్ల హాలత్ మీదా నల్లజాతి హాలత్ మీదా ఆయనకి నజర్ ఉంది. మెట్లు పేర్చి మనుషులని ఒకరి మీద ఒకరిని నిలబెట్టే సమాజం ఎక్కడున్నా ఒకే హిక్మత్ వాడుతుందని ఆయనకి తెలుసు.

గులామీ 1865లో ఖతం అయింది. గోడ పడిపోలేదు. మధ్యమధ్యలో దాని మీదుగా చేతులు కలిపినవాళ్లు మాత్రం ఉన్నారు. 1890లలో పత్తి ధర పడిపోయి, షావుకార్ల అప్పుల్లో మునిగిన తెల్ల రైతులు, నల్ల రైతులు పాపులిస్టు పార్టీ పేరుతో దగ్గరయ్యారు. జార్జియాలో టామ్ వాట్సన్ అనే తెల్ల లీడర్ రెండు రంగుల రైతులూ కలిసి వోటు వేయాలని సభల్లో చెప్పాడు. నార్త్ కరోలినాలో పాపులిస్టులూ నల్లజాతి వోటర్లున్న రిపబ్లికన్లూ కలిసి రాష్ట్రాన్నే గెలిచారు.

అంజామ్ ఏమైంది? 1898 నవంబరు 10న నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌లో హథియార్లు పట్టిన తెల్ల గుంపు నల్లజాతి వాళ్ల అఖ్బార్ ఆఫీసు తగలబెట్టింది, మనుషులని చంపింది, వోట్లతో వచ్చిన పట్టణ హుకూమత్‌ని తుపాకులు చూపించి రాజీనామా చేయించింది. దక్షిణాది రాష్ట్రాలు వోటుకి పన్ను పెట్టాయి, చదువు పరీక్ష పెట్టాయి. లూసియానాలో 1896లో 1,30,000కి పైగా ఉన్న నల్లజాతి వోటర్లు 1904 నాటికి 1,342 మంది మిగిలారు. ఇంకో సంగతి ఉంది. వోటు పన్ను కట్టలేక వేలాది గరీబు తెల్లవాళ్లు కూడా వోటు పోగొట్టుకున్నారు. గోడ కట్టినందుకు చప్పట్లు కొట్టినవాళ్లే గోడ కింద పడ్డారు. టామ్ వాట్సన్ కూడా తర్వాత మారిపోయి, నల్లజాతి మీద నఫ్రత్ అమ్ముకుని సెనేట్ దాకా వెళ్లాడు. ఆ బజారులో నఫ్రత్‌కి గిరాకీ ఎక్కువ, ఇత్తెహాద్‌కి తక్కువ.

ఇప్పుడు మన "ఏరియా" సవాల్‌కి వద్దాం. 1930లలో కేంద్ర హుకూమత్ సంస్థ ఒకటి పట్టణాల నక్షాలు గీయించింది. ఏ మొహల్లాలో ఇంటికి లోను ఇస్తే ఖత్రా లేదో, ఎక్కడ ఉందో రంగులు వేసింది. నల్లజాతి వాళ్లున్న మొహల్లాలు ఎరుపు. 1934లో వచ్చిన ఇళ్ల లోను బీమా సంస్థ కూడా అదే దారిలో నడిచింది. కొత్త కాలనీల్లో తెల్లవాళ్లకి తక్కువ కిస్తీలతో ఇళ్లు వచ్చాయి. నల్లజాతి మనిషి ఫౌజులో పని చేసి వచ్చినా, చేతిలో నౌకరీ ఉన్నా, లోను దొరకలేదు. ఇల్లు లేకపోతే పిల్లలకి విరాసత్ ఏమిటి? అక్కడ స్కూళ్ల ఖర్చులో పెద్ద భాగం ఆ ఊరి ఇంటి పన్నుల నుంచే వస్తుంది. ఇళ్ల ధర పడిపోయిన చోట స్కూలూ పడిపోతుంది. 2022 లెక్కల్లో మధ్యస్థ తెల్ల కుటుంబం ఆస్తి సుమారు 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది సుమారు 45,000 డాలర్లు. మేహనత్‌లో తేడా వల్ల ఇంత తేడా రాదు. నక్షా తేడా వల్ల వస్తుంది. మనం మన బేటాకి వద్దని చెప్పే ఏరియాల్లో చాలావాటి మీద ఆ ఎర్ర రంగు మరక ఉంది.

అయితే అక్కడ గరీబులంటే నల్లవాళ్లేనా? సినిమాలు చూసి మనం అలాగే అనుకుంటాం. 2019 లెక్కల్లో నల్లజాతిలో గరీబులు నూటికి 18.8 మంది, లాటినోలు కాని తెల్లవాళ్లలో 7.3 మంది. వంతు చూస్తే నల్లజాతి మీద బరువు రెండింతలకి పైనే. తలలు లెక్కపెడితే మాత్రం గరీబు తెల్లవాళ్లు దాదాపు కోటీ నలభై లక్షలు, గరీబు నల్లవాళ్లు దాదాపు ఎనభై లక్షలు. ఇద్దరూ కలిస్తే రెండు కోట్లకి పైన. అంతమంది ఒకే డిమాండ్ మీద నిలబడితే ఏ హుకూమత్ కాదంటుంది? కేంద్రం పెట్టిన కనీస మజ్దూరీ గంటకి 7.25 డాలర్లు 2009 నుంచి అక్కడే ఆగి ఉండేదా?

నిలబడకుండా చేసే పని ఎలా సాగుతుందో చిన్న మిసాల్ చెబుతాను. మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ పట్టణంలో మునిసిపాలిటీ స్విమ్మింగ్ పూల్స్ ఉండేవి, తెల్లవాళ్లకి వేరుగా, నల్లవాళ్లకి వేరుగా. అందరినీ కలిపి రానివ్వాలని అదాలత్ తీర్పు వచ్చాక పట్టణం వాటిని మూసేసింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1971లో అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి, మూసేయడం తప్పు కాదన్నారు. ఎండాకాలంలో అమీరు తన ఇంట్లో పూల్ కట్టించుకున్నాడు. నల్ల పిల్లలకీ ఈత లేదు, గరీబు తెల్ల పిల్లలకీ లేదు.

ఇది పాత కథ అనుకోకండి. ఒబామా కాలంలో గరీబుల ఇలాజ్ పథకం మెడికెయిడ్‌ని పెంచారు. ఖర్చులో పెద్ద భాగం కేంద్రానిదే. 2012లో సుప్రీంకోర్టు దాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. 2024 నాటికి కూడా పది రాష్ట్రాలు వద్దంటూనే ఉన్నాయి. టెక్సాస్, జార్జియా, అలబామా, మిసిసిపీ, సౌత్ కరోలినా... లిస్టులో ఎక్కువ దక్షిణాదే. దవాఖానా బిల్లుకి భయపడి నొప్పి దాచుకునే తెల్ల మజ్దూరు కూడా ఆ రాష్ట్రాల్లో ఉన్నాడు. 2021లో రంగుతో పని లేకుండా పిల్లలున్న ఇళ్లకి నెలనెలా డబ్బు పంపారు. మిగతా సాయాలు కూడా తోడై పిల్లల గరీబీ నూటికి 5.2కి దిగింది. ఆ పెంపు ఆపేశారు. మరుసటేడు 12.4కి ఎక్కింది. అంటే దవా ఏమిటో తెలియక కాదు, ఇవ్వబుద్ధి కాక.

పార్టీల సంగతి. ఒక పార్టీని ఫరిష్తా, ఇంకో పార్టీని షైతాన్ చేయడం నా పని కాదు. ఫ్యాక్టరీలని దాటించిన నాఫ్టా ఒప్పందాన్ని అమలు చేసే ఖానూన్ మీద, జైళ్లని నింపిన 1994 క్రైమ్ ఖానూన్ మీద దస్తఖత్ పెట్టింది డెమొక్రాట్ క్లింటనే. అంతకుముందు 1986లో రెండు పార్టీలూ కలిసి తెచ్చిన ఖానూన్ ప్రకారం 5 గ్రాముల క్రాక్ దొరికితే కనీసం అయిదేళ్ల జైలు. పొడి కొకైన్ అయితే 500 గ్రాములు దొరికితేనే ఆ సజా. క్రాక్ కేసుల్లో జైలుకెళ్లింది ఎక్కువగా నల్లజాతి గరీబులు. 2010లో గానీ ఆ వందకి ఒకటి లెక్క తగ్గలేదు. తగ్గి కూడా పద్దెనిమిదికి ఒకటి. కొన్నేళ్లకి నొప్పి మాత్రల నషా తెల్ల గరీబుల ఊళ్లని మింగింది. అప్పుడు మాత్రం లీడర్లకి అది జుర్మ్‌లా కాక బీమారీలా కనిపించింది. బీమారీ అనడమే సరైనది. మరి ముందు వచ్చినవాళ్లకి ఆ రహమ్ ఎందుకు దొరకలేదు?

2016లో పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ మూడు రాష్ట్రాల్లో కలిపి సుమారు 78,000 వోట్ల తేడాతో ట్రంప్ గద్దె ఎక్కాడు. స్టీలు, కార్ల ఫ్యాక్టరీలు మూతపడి దిగులుగా ఉన్న ఇలాకాలవి. వాళ్ల దర్ద్ సచ్చా. కానీ ఆ దర్ద్‌కి చూపించిన దుష్మన్ ఎవరు? మెక్సికో కూలీ, ముసల్మాన్. 2017 జనవరిలో ఏడు ముస్లిం దేశాలవాళ్లకి తలుపు మూశారు. అదే ఏడాది డిసెంబరులో కంపెనీల పన్ను 35 నుంచి 21 శాతానికి దించారు. గరీబు గోరాకి దక్కింది మొదటిది. దాంతో వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగదు. రెండోది ఎవరికి దక్కిందో చెప్పక్కర్లేదు. 1705 నాటి హిసాబే ఇది.

ఇక్కడ ఒక ఎతరాజ్ వస్తుంది. "అయితే అసలు గొడవ పైసాదే కదా, రంగు మాట ఎందుకు?" అని. కాదు. 2009లో హార్వర్డ్ ప్రొఫెసర్ హెన్రీ లూయిస్ గేట్స్‌ని సొంత ఇంటి దగ్గరే పోలీసులు అరెస్టు చేశారు. పేరు, పైసా, చదువు అన్నీ ఉన్న నల్లజాతి మనిషికే ఆ హాలత్. రంగు జుల్మ్‌కి దాని సొంత బలం ఉంది. దాన్ని కార్పెట్ కింద తోసి "గరీబులంతా ఒకటి" అంటే నల్లజాతి గరీబు నమ్మడు. నమ్మకూడదు కూడా. తెల్ల గరీబు బాధని ఎగతాళి చేసేవాళ్లది కూడా అంతే తప్పు. ఇన్సాఫ్ మాటాడాలంటే రెండూ ఒకే నోటితో మాటాడాలి.

అలా మాటాడినవాళ్లకి ఏమైందో చూడండి. మార్టిన్ లూథర్ కింగ్ ఆఖరి రోజుల్లో అన్ని రంగుల గరీబులని వాషింగ్టన్‌కి నడిపించే పనిలో ఉన్నారు. మెంఫిస్‌లో చెత్త ఎత్తే 1,300 మంది మజ్దూర్ల హర్తాళ్‌కి తోడుగా వెళ్లి, 1968 ఏప్రిల్ 4న అక్కడే గోలీకి బలయ్యారు. చికాగోలో ఫ్రెడ్ హాంప్టన్ అనే నల్ల నౌజవాన్ పోర్టోరికో కుర్రాళ్లని, కొండల నుంచి వలస వచ్చిన గరీబు తెల్ల కుర్రాళ్లని ఒకే జమాత్ చేశాడు. 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున పోలీసులు ఇంట్లోకి దూరి కాల్చేశారు. ఉమర్ 21.

మరి మనం ఎక్కడ నిలబడ్డాం?

1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సుప్రీంకోర్టులో, నేను ఊంచీ జాత్ ఆర్యుణ్ని, కాబట్టి తెల్లవాణ్నే, నాకు పౌరసత్వం ఇవ్వండి అన్నాడు. కోర్టు కుదరదంది. తలుపు బాగా తెరుచుకున్నది 1965లో. ఆ ఏడు వచ్చిన ఇమ్మిగ్రేషన్ ఖానూన్ వల్లే మన డాక్టర్లు, ఇంజినీర్లు ఆ ముల్క్‌లో కాలు పెట్టారు. ఆ ఖానూన్‌కి హవా తయారుచేసింది వీధుల్లో లాఠీలు తిన్న నల్లజాతి జనం. థింద్ చేసిన పని మన వాళ్లలో కొందరు ఇప్పటికీ చేస్తున్నారు. మేం చదువుకున్నవాళ్లం, ట్యాక్సు కట్టేవాళ్లం, వాళ్లలాంటివాళ్లం కాదు అని తెల్లవాడి దగ్గర సర్టిఫికెట్ అడగడం. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఓలేత్‌లో ఒక తెలుగు ఇంజినీరుని కాల్చి చంపినవాడు సర్టిఫికెట్ చూడలేదు. ఇరాన్ వాడనుకున్నాడు. అడ్డుపడి గోలీ తిన్న మనిషి కూడా తెల్లవాడే. అది కూడా యాద్ పెట్టుకోవాలి.

ముసల్మాన్లుగా మన హిసాబ్ ఇంకా ఎక్కువ. అమెరికాలో కలిమా మొదట పలికింది మన సాఫ్ట్‌వేర్ పిల్లలు కాదు, గొలుసుల్లో వెళ్లిన ఆఫ్రికా ముసల్మాన్లు. పశ్చిమ ఆఫ్రికా ఆలిమ్ ఉమర్ ఇబ్న్ సయీద్‌ని 1807లో చార్ల్స్‌టన్‌లో దించి అమ్మారు. 1831లో ఆయన అరబీలో తన జీవితం రాసుకున్నారు. ఆ రాత ఇప్పుడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. ఇవాళ కూడా అక్కడి ముసల్మాన్లలో దాదాపు అయిదో వంతు నల్లజాతి వాళ్లే. మాల్కం ఎక్స్ 1964లో హజ్‌కి వెళ్లి, తెల్ల చర్మం ఉన్న హాజీలతో ఒకే దస్తర్‌ఖాన్ మీద తిన్నాక, మనిషిలో చెడుకి రంగు కారణం కాదని ఒప్పుకున్నారు. తిరిగొచ్చి జుల్మ్ మీద జంగ్ మాత్రం ఆపలేదు. 1965 ఫిబ్రవరిలో చనిపోయేదాకా ఆపలేదు.

జుమా నమాజులో భుజం భుజం కలిపిన నల్లజాతి భాయ్‌ని బయటికొచ్చాక "కల్లూ" అనే నోరు మనది. రిష్తా మాట వస్తే తెల్ల నవముస్లిం అయితే మాషాఅల్లాహ్, నల్ల హాఫిజ్ అయితే లోగ్ క్యా కహేంగే. ఈ బీమారీ విమానంలో కొత్తగా అంటుకోలేదు. ఇక్కడ సయ్యద్, పఠాన్ అని మీసం తిప్పి దూదేకుల బిరాదరీని, మెహతర్‌ని పక్కన పెట్టే అలవాటు పెట్టెలో సర్దుకుని తీసుకెళ్లిందే.

పిల్లల సలామతీ చూసుకోండి, ఎవరూ వద్దనరు. కానీ ఏరియా గురించి చెప్పేటప్పుడు ఆ ఏరియా తారీఖ్ కూడా చెప్పండి. ఊళ్లో నల్లజాతి భాయీల మసీదు ఉంటే నెలకో జుమా అక్కడ చదవమనండి. ఆఫీసు ఊడ్చే తెల్ల ఆయాకి, గ్యాస్ స్టేషన్‌లో నిలబడే నల్ల కుర్రాడికి ముందు తనే సలాం లాంటి పలకరింపు చెప్పమనండి. పౌరసత్వం వచ్చినవాళ్లు వోటు వేసేటప్పుడు తమ ట్యాక్సు ఎంత తగ్గుతుందన్న లెక్కతో ఆగకూడదు. గరీబు ఇలాజ్, మజ్దూరీ, స్కూలు గురించి ఆ ఉమ్మీద్వార్ ఏమంటున్నాడో అడగాలి.

మూడు వందల ఏళ్ల కింద కట్టిన గోడ అది. మన బచ్చాలు దాన్ని కట్టలేదు. కానీ దాని నీడలో ఏసీ వేసుకుని కూర్చుని, గోడకి అవతలివాళ్లు సోమరిపోతులు అనుకుంటే, ఒక ఇటుక వాళ్లూ పెట్టినట్టే.